మైనపు సకినాలు

పెళ్లి భోజనాల బల్ల మీద అన్నం లేకపోయినా ఫరవాలేదు, కొవ్వొత్తి మాత్రం ఉండి తీరాలి. ఈ మాట నేను బాగా ఆలోచించి, చేతులు కడుక్కుని, ఖాళీ కడుపుతో రాస్తున్నాను.

ముందు నా అర్హత చెప్పుకోవాలి. నేను హన్మకొండలో కరెంటు డిపార్ట్‌మెంటులో పనిచేసి రిటైరైన వాణ్ణి. నా హయాంలో కొవ్వొత్తి అంటే జనం మమ్మల్ని తిట్టుకుంటూ వెలిగించుకునే వస్తువు. ఇప్పుడు అదే జనం ఏసీ హాల్లో, వెయ్యి బల్బుల కింద, డబ్బులిచ్చి మరీ కొవ్వొత్తులు వెలిగించుకుంటున్నారు. ఎవరినీ తిట్టడం లేదు. ఇంతకన్నా అభివృద్ధి ఏం కావాలి?

కాబట్టి అయ్యలారా, అమ్మలారా, హ్యాండ్‌మేడ్ డెకరేటివ్ క్యాండిల్ మనకు దొరికిన వరం! కాదన్నవాళ్ళు చేతులెత్తండి. ఎత్తే ముందు మంట ఎక్కడుందో చూసుకోండి.

దీనివల్ల ఆరోగ్యానికి ఎంత మేలో గమనించారా? కొవ్వొత్తి ఆరిపోతుందని హాల్లో ఫ్యాన్లు బంద్ చేస్తారు. ఏసీ గాలి కూడా పైకి తిప్పేస్తారు. బిర్యానీ తిన్నాక వాకింగ్ చేయాల్సిన వాళ్ళకు తినకముందే చెమటలు పట్టి ఆ పని పూర్తవుతుంది. మా డాక్టరు ఇంతకాలం చెప్పీ చెప్పీ చేయించలేనిది ఒక్క వత్తి చేయించింది.

ఇక కుటుంబ సంబంధాల సంగతి. బల్ల మధ్యలో మూరెడు ఎత్తు మైనపు తామరపువ్వు నిలబెడతారు. దాని వెనక కూర్చున్నది ఎవరో బ్రహ్మదేవుడికి కూడా తెలియదు. నిరుడు ఒక రిసెప్షన్లో అట్లా ఒక పెద్దమనిషితో హాయిగా ముచ్చట్లు పెట్టుకున్నాను. పిల్లలేం చేస్తున్నారు, మోకాళ్ళ నొప్పులు ఎట్లా ఉన్నాయి, అన్నీ అడిగాను. పువ్వు కరిగి కుంగాక చూస్తే, ఎకరం గట్టు కోసం నామీద కేసు వేసిన మా చిన్నాన్న కొడుకు! అప్పటికే ఒకరి మోకాళ్ళ గురించి ఒకరం బాధపడిపోయి ఉన్నాం. ఇక పోట్లాట ఎక్కడ మొదలుపెడతాం? ఏ కోర్టు చేయగలదు ఈ పని?

ఇంతటి పరిశ్రమ ఎక్కడో కాదు, మా వంటింట్లోనే నడుస్తోంది. యజమాని మా ఆవిడ అనసూయ. ఫోన్లో వీడియోలు చూసి నేర్చుకుంది. పాలగిన్నెలో మైనం కాగుతుంది. మరి పాలు ఎందులో కాచాలని అడిగితే, ఈ వయసులో టీ మంచిది కాదన్న జవాబు వస్తుంది. పప్పుచారుకు లావెండర్ వాసన, చారుగిన్నెకు గులాబీ రంగు. ఫ్రిజ్‌లో కూరగాయలుండే అరలో మల్లెదండలు, కలశాలు, హంసలు గట్టిపడుతూ ఉంటాయి. ఒకసారి ఒక పెళ్లికొడుకు తలకాయ కూడా గట్టిపడింది. ఆ వారం నేను చల్లనీళ్ళు తాగలేదు.

ఒక మధ్యాహ్నం ఆకలికి ఆగలేక అదే ఫ్రిజ్‌లోంచి మైసూర్‌పాక్ తీసి కొరికాను. వెనిల్లా వాసన బాగానే ఉంది. వత్తి మాత్రం పళ్ళలో ఇరుక్కుంది.

ఇదే అనసూయ చేతి సకినాలకు ఒకప్పుడు మా బస్తీలో పెద్ద పేరు. తెలియనివాళ్ళు ఉంటారు కాబట్టి చెబుతున్నాను. తడి బియ్యప్పిండిలో నువ్వులు, వాము కలిపి, వేళ్ళతో మెలితిప్పుతూ బట్ట మీద చుట్లు చుట్లుగా పోసి, కాస్త ఆరాక నూనెలో కాలుస్తారు. మా వైపు ఆడపిల్ల అత్తారింటికి పోయేటప్పుడు సారె గంపల్లో సకినాలు పోవాల్సిందే. మర్నాడు అత్తారు వాటిని వీధిలో ఇంటింటికీ పంచుతారు. ఆ సకినాన్ని చూసి వీధంతా పిల్ల పుట్టింటికి మార్కులు వేస్తుంది. ఏ మతంవాళ్ళయినా ఈ పరీక్ష తప్పదు.

మొన్న ఫిబ్రవరిలో ఈ పరీక్షకు కూర్చున్నవాడు కృపానందం. కాజీపేటలో ఉంటాడు, నాకు పాత దోస్తు. అతని కూతురు శిరీషకు వర్ధన్నపేట అబ్బాయి విన్సెంట్‌తో చర్చిలో పెళ్లి, సాయంత్రం ఫంక్షన్ హాల్లో రిసెప్షన్. కృపానందం మా ఇంటికొచ్చి అనసూయ ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"వదినా, ఆ ఇంట్ల విన్సెంట్ నాయనమ్మ కృపమ్మ ఉన్నది. ఇల్లంత ఆమె మాట మీదనే నడుస్తది. సారె మంచిగుంటె చాలు, నా బిడ్డకు అక్కడ మర్యాద ఉంటది. సకినాలు నువ్వే పొయ్యాలె."

అనసూయ సరేనంది. అక్కడితో ఆగితే బాగుండేది. కానీ అతని వెంట ఈవెంట్ మేనేజర్ ఉబేద్ కూడా వచ్చాడు. ఉబేద్ మంచి పిల్లవాడు, తల నిండా థీములు.

"ఆంటీ, అంత గులాబి పువ్వులే పెడ్తాండ్రు. మనం జర కొత్తగ చేద్దాం. టేబుల్ టేబుల్‌కు సకినాల క్యాండిల్స్ పెడ్దాం. చూస్తె అచ్చం సకినమే అనుకోవాలె," అన్నాడు.

అచ్చం సకినమే అనుకోవాలట. అనసూయకు పని సగంలో వదిలేసే అలవాటు లేదు. అసలు సకినం మీద రబ్బరు అచ్చు తీసింది. మైనంలో పిండి రంగు కలిపింది. పైన నిజం నువ్వులు చల్లింది. ఆ వారం మా ఇంట్లో ఒక మంచం మీద పిండి సకినాలు, ఇంకో మంచం మీద మైనపు సకినాలు ఆరాయి. నేను నేల మీద పడుకున్నాను. రెండు రకాలూ ఒకేలాంటి వెదురు గంపల్లోకి ఎక్కాయి. ఒకే పసుపు కాగితం కప్పుకున్నాయి. వత్తులు ముందే పెడితే గంపలో నలుగుతాయని, హాల్లో తన మనుషులు గుచ్చుకుంటారని ఉబేద్ వాటిని విడిగా పట్టుకుపోయాడు.

పెళ్లినాడు రెండు బండ్లు వచ్చాయి. ఒకటి హాలుకు, ఇంకొకటి సారెతో వర్ధన్నపేటకు. ఏ గంప ఏ బండిలోకి ఎవరు ఎక్కించారన్న విషయం మీద మా ఇంట్లో ఇంకా దర్యాప్తు జరుగుతోంది. ఎక్కించింది నేనే కాబట్టి దర్యాప్తు నెమ్మదిగా నడుస్తోంది.

సాయంత్రం హాలుకు వెళ్ళేసరికి బల్లబల్లకూ సకినాలు వెలుగుతున్నాయి. చుట్ల మధ్యలో వత్తి, వత్తి మీద మంట, మంట చుట్టూ ఫోన్లు. హాలంతా కమ్మటి వాసన. వాము, నువ్వులు, మాడుతున్న నూనె.

"అరోమా క్యాండిల్స్ అట. ఈ వాసన పీలిస్తె బీపీ తగ్గుతదట," అని మా బల్ల దగ్గర ఒకావిడ గట్టిగా ఊపిరి పీల్చింది. ఆవిడ భర్త కూడా పీల్చాడు. నేనూ పీల్చాను. నాకు బీపీ తగ్గలేదు, ఆకలి పెరిగింది.

వడ్డన ఇంకా మొదలుకాలేదు. టేబుల్స్ ఫోటో షూట్ అయ్యేదాకా ప్లేట్లు ముట్టొద్దన్నారు. మీరొకసారి ఆ దృశ్యం ఊహించండి. హాలు నిండా ఆకలిగొన్న జనం. ముక్కు కింద నిజమైన సకినాలు. ఒక్కరంటే ఒక్కరికి తినాలన్న ఆలోచన రాలేదు! అదీ వత్తి మహిమ. వత్తి గుచ్చిన మరుక్షణం తిండి తిండి కాకుండా పోతుంది. రేపు ఇడ్లీకి గుచ్చితే ఇడ్లీని కూడా దూరం నుంచే చూసి దండం పెడతాం.

నేను మాత్రం తట్టుకోలేకపోయాను. ఒకదాని మంట ఊది, వత్తి పీకి, కొరికాను. కరకరమంది. పక్కావిడ తన కుర్చీని నాకు దూరంగా జరుపుకుంది. ఆవిడ భర్త వీడియో తీశాడు. "క్యాండిల్ తింటాండు పాపం" అని వెనక ఎవరో అన్నారు.

రెండో ముక్క నమిలేటప్పుడు నా బుర్రకు విషయం ఎక్కింది. నిజం సకినాలు ఇక్కడ ఉంటే, మైనంవి ఎక్కడున్నాయి?

అనసూయను వెతికి పట్టుకున్నాను. ఆమెకు చెప్పాల్సిన పని లేకపోయింది. గుమ్మంలో అడుగుపెట్టగానే వాసన ఆమెకు తెలిసిపోయింది. బల్లల వంక చూస్తూ నిలబడి ఉంది. నడుం పడిపోయేలా కూర్చుని పోసిన సకినాలు వరసగా మాడి నల్లబడుతున్నాయి. చుట్టూ జనం అద్భుతం అంటున్నారు. ఆమె ముఖం చూస్తే నాకు భయమేసింది, జాలి కూడా వేసింది.

కృపానందానికి చెబితే పక్కనున్న కుర్చీలో కూలబడ్డాడు. "అన్నా, రేపు పొద్దుగాల వీధంత మైనం పంచుతరు. నా బిడ్డ మొదటి రోజే ఆ ఇంట్ల తల ఎట్ల ఎత్తుకుంటది?" అన్నాడు. స్టేజీ మీదున్న విన్సెంట్‌కు చెబితే విషయం ఇంటిల్లిపాదికీ తెలుస్తుంది. పంచకముందే వెళ్ళి కృపమ్మ కాళ్ళు పట్టుకోవడమే దారి అనుకున్నాం.

పొద్దున్నే ముగ్గురం కృపానందం కారులో ఖమ్మం రోడ్డెక్కాం. ఎంత పొద్దున్నే వెళ్ళినా కృపమ్మ మాకంటే ముందే లేచింది. మేము వీధి మొదట్లో కారు దిగేసరికే పంపకం అయిపోయింది.

ముందుగా ఎదురైనవాడు రిటైర్డ్ హెడ్మాస్టర్ వీరభద్రం. కృపానందం చేయి పట్టుకుని ఊపేశాడు. "సారె సకినాలు బ్రహ్మాండం సార్. ఒక్క చుక్క నూనె పీల్చలేదు," అన్నాడు. ఆ మాట నూటికి నూరుపాళ్ళు నిజం. పక్కింటి సమ్మమ్మ చీపురు పక్కన పెట్టి వచ్చింది. "నోట్లె ఏస్తె కరిగిపోయినయ్ అన్నా," అంది. ఆ పక్కింటి సారయ్య అయితే తమ ఇంట్లో అప్పుడే అయిపోయాయని, పిల్లలు వాటికోసం కొట్టుకున్నారని చెప్పాడు. అతని వెనక, తెరిచి ఉన్న కిటికీలోంచి, ఫ్రిజ్ మీద కాగితం విప్పని సకినాల పొట్లం నాకు కనిపిస్తూనే ఉంది.

కృపానందం బిత్తరపోయి నా వంక చూశాడు. మైనానికి ఇన్ని మార్కులు పడతాయని అతను కలలో కూడా అనుకోలేదు.

కృపమ్మ ఇంటిముందు మంచం మీద కూర్చుని ఉంది. సన్నటి మనిషి, గట్టి గొంతు. అనసూయ వెళ్ళి ఆమె కాళ్ళ దగ్గర కూర్చుంది.

"పెద్దమ్మా, తప్పైంది. అవి సకినాలు కావు."

"ఎరుకే బిడ్డా. నిన్ననే గంప రాంగనే ఒకటి కొరికిన. ఉన్న నాలుగు పండ్లకు అంటుకున్నది."

"మరి తెలిసి ఎట్ల పంచినవ్?"

"పంచకుంటె, పిల్ల ఏం తెచ్చిందని అందరడుగుతరు. పంచితె ఎవలడుగుతరు? ఇప్పుడు ఎవలు తింటాండ్రు గనుక? ఈ ఇంట్లయి ఆ ఇంటికి పోతయి, ఆ ఇంట్లయి ఇంకో ఇంటికి పోతయి. నేను ప్రతి పెండ్లికి చూస్తాన్న."

ఆమె మాట పూర్తికాకముందే సారయ్య కోడలు పళ్ళెం మీద చేతిరుమాలు కప్పుకుని వచ్చింది. "కొత్త పెండ్లికూతురికి మా ఇంట్ల చేసినం పెద్దమ్మా," అని పెట్టి వెళ్ళింది. రుమాలు తీసి చూశాను. అనసూయ మైనపు సకినాలు, చెక్కుచెదరకుండా, నువ్వులతో సహా! తలుపు వెనక శిరీష నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వుతోంది.

కృపానందం గుండె కుదుటపడింది. అతని బిడ్డ మర్యాద నిలబడింది. ఎవరూ తినకపోవడం వల్ల నిలబడింది. నేను కొవ్వొత్తి వరమని ఊరికే అన్నానా?

కానీ అనసూయ లేవలేదు. "అయితే ఇన్నేండ్ల నుంచి నేను పోసినయ్ ఎవలు తిన్నరు పెద్దమ్మా?" అని అడిగింది.

"అది నాకేం ఎరుక. నిన్న కొరికినంకనే బియ్యం నానబోసిన. లోపల పిండి ఉన్నది. లేచి సకినాలు పొయ్యి, నేను తింట," అంది కృపమ్మ.

అనసూయ కొంగు బిగించుకుని పోసింది. శిరీష పక్కన కూర్చుని చుట్టు తిప్పడం నేర్చుకుంది. మొదటి వాయి దిగగానే కృపమ్మ ఒకటి తీసుకుని, ఉన్న నాలుగు పళ్ళతో తిప్పలుపడి కొరికి, చాలాసేపు నమిలింది.

"ఉప్పు తక్కువైంది," అంది.

అనసూయ పొయ్యి ముందే ఏడ్చేసింది. మైనం పని మొదలుపెట్టినప్పటి నుంచీ ఆమె విన్నవన్నీ సూపర్, బ్యూటిఫుల్, అమేజింగ్. ఉప్పు తక్కువైందని చెప్పే మనిషి ఇంకా భూమ్మీద ఉన్నందుకు ఏడ్చింది. నాకూ ఏడుపొచ్చింది గానీ, నోటి నిండా సకినం ఉండడంతో కుదరలేదు.

అయినా నా వాదన నాదే. బల్లబల్లకూ కొవ్వొత్తులు పెట్టండి. వాటిని ఎవరూ తినకపోయినా చేసిన మనిషికి బాధ ఉండదు, తిన్నామని ఎవరూ అబద్ధం చెప్పనక్కర్లేదు. అనసూయ మీ ఇంటి పెళ్లికి కూడా చేసిపెడుతుంది. ఈ మధ్య ఆర్డర్లు బాగానే వస్తున్నాయి. కాకపోతే ఇప్పుడు ఒక షరతు పెట్టింది. ఆర్డరు ఇవ్వడానికి వచ్చినవాళ్ళు ముందు కూర్చుని, ఆమె పోసిన పిండి సకినం ఒకటి కొరికి, ఎట్లా ఉందో నిజం చెప్పాలి.

ఇప్పటిదాకా వచ్చినవాళ్ళందరూ ప్యాక్ చేసి ఇమ్మన్నారు.