డే డ్యూటీ కోసం ఇంగ్లీషు

మీరు నవ్వుతారని తెలిసే చెబుతున్నాను. అప్పటికి రెండేళ్ళుగా నాది నైట్ డ్యూటీ. రాత్రంతా వర్క్‌షాపులో రైలుబండి చక్రాలతో కుస్తీ, పగలంతా ఇంట్లో నిద్రతో కుస్తీ. పక్కింటి జోగమ్మ రోలు, ఎదురింటివాళ్ళ రేడియో నా చెవిలోనే ఉండేవి. డే డ్యూటీ పడకపోతే నేనిక మనిషిగా మిగలనని తేలిపోయింది.

డ్యూటీలు వేసేది మా చార్జ్‌మన్ విల్‌ఫ్రెడ్ సార్. షాపులో ఇంగ్లీషు, హిందీ తప్ప మాట్లాడడు. ఆయన్ని భోజనానికి పిలిచి, ఇంగ్లీషు మర్యాదలతో పడగొడదామని పథకం వేశాను.

ప్రేమ్ బజార్‌లో ఒక పాత పుస్తకం దొరికింది. టైం గురించి దొరలు వాడే పలుకుబళ్ళన్నీ అందులో ఉన్నాయి. అర్థాలున్న పేజీలు మాత్రం చెదలు తినేశాయి. అర్థాలదేముంది, నేనే ఊహించుకున్నాను.

మా ఆవిడ పరమేశ్వరికి పాఠాలు మొదలుపెట్టాను.

"సార్ గుమ్మంలోకి రాగానే 'ఇట్ ఈజ్ హై టైం' అనాలి. గొప్ప ఘడియలో వచ్చారని."

"సేపలు తోముతున్నాను, కనబడ్డం లేదేటి?"

"తోముతూనే అను."

"నీకు నైట్ డ్యూటీ ఒకటే. నాకు రెండూను. కాసేపు అవతలికెళ్ళయ్యా."

ఇలా నెల్లాళ్ళు నడిచింది.

నాకు సెలవు దొరికిన ఆదివారం రాత్రి ఎనిమిదికి రమ్మంటే, సార్ సరిగ్గా ఎనిమిదికే వచ్చాడు. పరమేశ్వరి పొయ్యి దగ్గర నుంచి కదల్లేదు. నేనే ఎదురెళ్ళి, "ఇట్ ఈజ్ హై టైం యూ కేమ్, సార్" అన్నాను.

ఆయన వాచీ చూసుకున్నాడు. "ఏటి నూకరాజూ, సెప్పిన టైముకే వొచ్చినాను కదా. ఇప్పటికి తగలడ్డావా అంటావేటి?"

ఆయన పుట్టి పెరిగింది వాల్తేరులోనట. ఆ సంగతి నాకు ఆ పూటే తెలిసింది.

చేపల పులుసు నా పరువు కాపాడింది. ఆయన మళ్ళీ వడ్డించుకుంటుంటే ఇదే అదనని, "కమ్ టు అవర్ హౌస్ వన్స్ ఇన్ ఎ బ్లూ మూన్, సార్" అన్నాను. వెన్నెల రాత్రుల్లో రమ్మన్నానని నా ఉద్దేశం.

"అంటే ఏ పదేళ్ళకో ఓసారి రమ్మంటావు" అన్నాడాయన, ముల్లు తీసుకుంటూ.

"ఈయన మాటలకేటిగాని, ఇంకో ముక్క ఏసుకోండి బాబూ" అంది పరమేశ్వరి.

ఆ ముక్కతో ఆయన మనసు కరిగింది. "సేతివంట ఇంత బాగుంది. ఏటమ్మా, మీ ఆయనకి డే డ్యూటీ ఏసీమంటావా?"

నాకు ప్రాణం లేచొచ్చింది. దాదాపు ఆయన కాళ్ళ మీద పడబోయాను.

"వొద్దు బాబూ" అంది పరమేశ్వరి, అలసటగా గోడకి చేరబడి. "రాత్రులు ఇంట్లో ఉంటే నిద్దర్లో కూడా ఇంగ్లీసే సెప్తాడు. అలిసిపోనాను. ఫర్ ద టైం బీయింగ్ నైటే ఉండనీండి."

విల్‌ఫ్రెడ్ సార్ తృప్తిగా తలూపాడు.

"ఈ మాట నేన్నేర్పలేదే. అర్థం తెలుసా నీకు?" అన్నాను.

"తెలీకేటి? ప్రస్తుతానికి ఇందులో సర్దుకోండని, ఈ ఒంటిగది కోటరు ఇచ్చినప్పుడు మీ ఆఫీసోలు అన్నమాటే కదా. అప్పుడు మన పెద్దోడు నా కడుపులో ఉన్నాడు."

ఆ పెద్దోడికి అప్పటికే మీసాలొస్తున్నాయి.