ఇరవయ్యవ పాలగిన్నె మహాసంగ్రామము

అవునుకును కాదుకును నడుమనున్న ఇరుకు సందులో వెలసిన ఓ సందేహదేవతా, ఆలకింపుము. గడియారపు చిన్నముల్లు నాలుగు దాటి అయిదు వైపునకు నడుచుచున్న ఒకానొక అపరాహ్ణమున, మూడవ అంతస్తులో, కిటికీ సగమే తెరుచుకొను ఒక వంటగదిలో, గ్యాస్ స్టవ్వు ఎడమ పొయ్యిపై జరిగిన ఘోరసంగ్రామమును గానము చేయుదును.

అందు వీరుడెవ్వడనిన, నిజమును సున్నాకును ఒకటికిని నడుమ పాళ్లలో కొలుచు ఫజీ లాజిక్ అను మసకతర్కమును పదునాలుగు వత్సరములు మథించినవాడును, ఏ ప్రశ్నకును అవునని గాని కాదని గాని బదులీయక ‘సున్నా పాయింట్ ఆరు’ అనువాడును, శిష్యకోటిచే సుమారు సారు అని పిలువబడువాడునగు పరిశోధకాగ్రేసరుడు. పాలు పొంగకమునుపే మంటను తానే తగ్గించు కృత్రిమమేధా యంత్రమును అతడు నిర్మించెను. స్టవ్వు మంటను తిప్పు మరకు బిగించిన బుల్లి మోటారు దాని హస్తము. గిన్నెపై వేలాడు కెమెరా దాని నేత్రము. నలుబదితొమ్మిది సూత్రములు దాని బుద్ధి. ఆ సూత్రములన్నియు ఇల్లాలిని అడిగి వ్రాసుకొన్నవే. పాలు ఎంతసేపు కాగవలెననిన ఆమె ‘కాసేపు’ అనెను. ఆ కాసేపును పట్టి గ్రాఫులో బంధించుటకు అతనికి ఎనిమిది మాసములు పట్టెను. పత్రికకు పంపనున్న పరిశోధనా వ్యాసమున ఆమె నామధేయము ‘నిపుణురాలు ఒకటి’.

పత్రికవారి పరీక్షకుడు, ముఖము చూపని ఉగ్రమూర్తి, ఇట్లు శాసించెను: వరుసగా ఇరువది మార్లు పాలు పొంగరాదు, పొంగినవో లేదో ఒక్క ముక్కలో తెలుపవలెను, గడువు నేటి అయిదు గంటలు. గడువు తప్పిన వ్యాసము పోవును, దానితో ఈ ఏటి పదోన్నతియు పోవును. ముమ్మారు పదహారు దాక ఎగబాకి, పొంగి, మరల ఒకటికి జారిన ఆ వీరుడు నేటికి పందొమ్మిదికి చేరెను. ఓడిన ప్రతిమారును రణరంగమును తుడిచినది నిపుణురాలు ఒకటియే. అది వ్యాసమున లేదు. ఇంట మిగిలినది ఒక్క ప్యాకెట్టు పాలు.

“ఒరే నాన్నా, ఆ పాలతో నాకు కాఫీ వస్తుందా, రాదా?” అని హాలునుండి మాతృదేవత పలికెను.

“రావచ్చమ్మా. సున్నా పాయింట్ ఏడు.”

“మీ నాన్న నోరు విప్పేదే తక్కువ. విప్పితే మాత్రం అవునో కాదో చెప్పేవాడురా.”

వీరుడు ఆ బాణమును లెక్కసేయక గిన్నె ఎదుట నిలిచి గర్జించెను. “ఓయి క్షీరమా, కాచుకొనియున్నంతసేపు కదలక, కన్ను మరలిన క్షణముననే కోట దాటు కపటీ, వినుము. నేడు నీకు ఎదురైనది ఏమరుపాటెరిగిన మానవమాత్రుడు కాడు. రెప్పవాల్చని యంత్రము.”

“అది సరేగానీ, మీరు కాస్త పక్కకి జరగండి. దాని కెమెరాకి మీ తల అడ్డం,” అనెను ఇల్లాలు.

అంత గిన్నె అంచువెంట బుడగల పదాతిదళము బారులు తీరెను. మీగడ అను తెల్లని గుడారము మెల్లగా పైకి లేచెను. పొంగు ఓ మోస్తరు, మంట కొంచెం తగ్గించు, అని యంత్రము తలపోసెను. మోటారు కొంచెము తిరిగెను. పాలు లక్ష్యపెట్టలేదు.

“ఏమండీ, చప్పుడు ఆగిపోయింది.”

పొంగుటకు ముందు పాల సవ్వడి అణగునని ఆమె ఎరుగును. కెమెరాకు చెవులు లేవు. ఆమె చేయి దానంతటదే మరవైపు సాగెను.

“ముట్టుకోకు. మనిషి చెయ్యి పడితే లెక్కలోకి రాదు.”

ఆమె చేతులు కట్టుకొనెను. ఆనాటి యుద్ధమున అన్నిటికన్న కష్టమైన కార్యమదియే.

క్షీరవాహిని అంచునకు ఎగసెను. అప్పుడు గాని యంత్రమునకు ‘బాగా తగ్గించు’ తట్టలేదు. మోటారు గిర్రున తిరిగెను, జ్వాల తలవంచెను, పాలు అంచుమీద వణకి, ఆలోచించి, వెనుదిరిగెను. కాని ఒక్క చుక్క, సేనాపతి ఆజ్ఞ వినని సాహసి, గోడ దూకి గిన్నె వెలుపలి పక్కన సగము దూరము జారి, అక్కడనే ఎండిపోయెను.

సమయము నాలుగూ యాబైరెండు. వీరుడు వంగి స్కేలుతో ఆ చుక్కను కొలిచెను. ముఖము పాలిపోయెను.

“పొంగడంలో దీని వాటా సున్నా పాయింట్ సున్నా మూడు.”

“వాళ్లు ఒక్క ముక్కలో చెప్పమన్నారు కదా.”

“అదే రావట్లేదు. పొంగలేదని రాస్తే అబద్ధమేమో. పొంగిందంటే మళ్లీ ఒకటి నుంచి.”

ఇల్లాలు గుడ్డతో గిన్నెను దింపి, స్టవ్వును ఈ చివరినుండి ఆ చివరిదాక చూచి, వేలితో రాసి చూచెను.

“ఇప్పుడు నేను స్టవ్వు తుడవాలా, అక్కర్లేదా?”

అతడు స్కేలును పక్కన పెట్టి స్టవ్వును చూచెను.

“అక్కర్లేదు.”

“అయితే పొంగలేదు. తుడవాల్సొస్తేనే పొంగినట్టు. ఇన్నేళ్లుగా ఈ ఇంట్లో లెక్క అదే. వెళ్లి రాయండి.”

అతడు పరుగెత్తెను. స్టవ్వు తుడవవలసివచ్చుటయే పొంగుట, ఆధారము నిపుణురాలు ఒకటి, అని వ్రాసి, ఇరువదికి ఇరువది అని చేర్చి, నాలుగూ యాబైఎనిమిదికి వ్యాసమును పంపెను.

“కాఫీ వస్తోందా?” అనెను మాతృదేవత.

“వస్తోందమ్మా,” అనెను వీరుడు, పదునాలుగేండ్లలో తల్లికి తొలిసారి, ఏ పాయింటును లేకుండ.

లోకులారా, వినుడు. ఆ సాయంకాలము ఎడమ పొయ్యి గుడ్డ తగులకయే ధగధగలాడెను. గిన్నెను మాత్రము తోమవలసివచ్చెను. దానిని గూర్చి పరీక్షకుడు ఏమియు అడిగియుండలేదు.