నాలుగున్నరో స్టాపు

శనివారం పొద్దున అర్నాల్డో సిల్వేరా పెట్టుకున్న పని పెద్దదేం కాదు. పదింటికి యాత్రికుల బండి తీసి, సాన్ తెల్మో ఊరంతా ఒక చుట్టు తిప్పి, ఒంటిగంటకల్లా ఇల్లు చేరి కునుకు తీయడం. ముప్ఫై ఒక్క ఏళ్లు బడి బస్సు తోలిన మనిషికి ఇదొక లెక్కా? యాత్రికులు ఒకరి జుట్టు ఒకరు పీక్కోరు, కిటికీలోంచి బూట్లు విసరరు.

చిక్కల్లా, మైకు పట్టుకుని ఊరి గొప్పలు చెప్పే బెవర్లీకి ఆ పొద్దున గొంతు పోయింది. యాత్రికుల ఆఫీసు నడిపే కోర్ట్నీ బండి తాళాలు అతని చేతిలో పెట్టింది.

"ఇవాళ్టికి మీరే చెప్పెయ్యండి అర్నాల్డో గారూ. పుట్టి పెరిగిన ఊరేగా! కానీ ఒక్కమాట. బండిని సొంత పనికి వాడారని మళ్లీ నా చెవిన పడిందో, ఆ తాళాలు ఇక్కడ పెట్టి ఇంటికెళ్లిపోవడమే."

కిందటి నెల దారిలో బండి ఆపి క్షవరం చేయించుకున్నాడు లెండి. యాత్రికులెవరూ ఫిర్యాదు చెయ్యలేదు. ఒకాయన తనూ చేయించుకున్నాడు కూడా.

పదకొండు మంది ఎక్కారు. ముందు సీట్లో నెబ్రాస్కా నుంచి వచ్చిన గండర్సన్ అనే రిటైరైన టీచరమ్మ నోటుపుస్తకం తెరుచుకుని కూర్చుంది. అర్నాల్డో తనకు తోచింది మైకులో చెప్పుకుపోయాడు.

"ఇది చర్చి. లోపల చల్లగా ఉంటుంది. ఇది ఆల్చిప్పల సూపు అమ్మే కొట్టు. పక్క కొట్లో ఇంకా బాగుంటుంది. అదిగో, ఆ కొండమీద దీపస్తంభం."

అటు చూస్తే తెల్లటి పొగమంచు తప్ప ఏమీ లేదు.

"అక్కడే ఉంది, నమ్మండి," అన్నాడు అర్నాల్డో. టీచరమ్మ నమ్మి రాసుకుంది.

పదకొండుంపావుకు రేవు దగ్గర అందరూ గూడబాతులకు ఫొటోలు తీస్తుంటే అతని ఫోను మోగింది. అవతల భార్య ఎర్మెలిందా.

"ఏమయ్యా, పుదీనా ఏది?"

అర్నాల్డో సీటు కిందకి వంగి చూశాడు. పొద్దున్నే తెమ్మంటే తెచ్చిన నాలుగు కట్టలూ అక్కడే వాడిపోయి ఉన్నాయి.

"దారిలో ఉంది లిందా."

"దానికేమన్నా కాళ్లున్నాయా? పన్నెండింటికి దోనా అదెలినా వస్తుంది. పుదీనా లేని సోపాస్ ఆవిడ ముందు పెట్టమంటావా? అంతకన్నా నన్నే ఆ గిన్నెలో వేసి ఉడకబెట్టెయ్!"

సంగతి చిన్నదేం కాదు. తెల్లవారితే పరిశుద్ధాత్మ పండుగ. అజోర్స్ దీవుల నుంచి వచ్చిన జాలరి కుటుంబాలన్నీ కలిసి, సంఘం హాలుకి వచ్చిన ప్రతివారికీ సోపాస్ పెట్టే రోజు. గంటలకొద్దీ ఉడికిన గొడ్డుమాంసం పులుసు రొట్టెముక్కల మీద పోసి, పైన పుదీనా వేస్తారు. ముప్ఫై ఏళ్లుగా ఆ వంట, అందరూ దోనా అని గౌరవంగా పిలిచే అదెలినా చేతిమీదే నడిచింది. ఇప్పుడు ఆవిడకు మోకాళ్లు మొరాయించాయి. గరిటె ఎవరికి అప్పజెప్పాలో రుచి చూసి తేల్చుకోవడానికి ఇవాళ కమిటీతో వస్తోంది. ఆ గరిటె కోసం ఎర్మెలిందా పన్నెండేళ్లుగా ఉల్లిపాయలు తరుగుతోంది.

ఇల్లు రెండు వీధుల అవతలే. రెండు నిమిషాల పని. అర్నాల్డో అందరినీ ఎక్కించుకుని బండి ఇంటి ముందు ఆపాడు.

"ఇదేమిటండీ?" టీచరమ్మ కాగితం తిప్పి చూసింది. "నాలుగో స్టాపు రేవు. అయిదోది సీతాకోకచిలుకల తోపు. మధ్యలో ఇది లేదే!"

అర్నాల్డో కళ్లముందు కోర్ట్నీ మొహం కదిలింది. "ఇది... పాత జాలరి ఇల్లండీ. మా నాన్న కట్టింది. అంటే... ఎవరో ఒక నాన్న. బయటినుంచే చూడాలి. రెండే నిమిషాలు." అంటూ పుదీనా కోటు కింద దాచుకుని పెరటి గుమ్మం వైపు పరుగెత్తాడు.

వీధి తలుపు తీసే ఉంది. చూడ్డానికి వచ్చినవాళ్లు తెరిచి ఉన్న తలుపు ముందు ఎంతసేపు నిలబడతారు?

అర్నాల్డో వంటింట్లోకి వచ్చేసరికి ఆ పదకొండుమందీ ముందుగదిలో ఉన్నారు. ఎర్మెలిందా జుట్టుకు రోలర్లు చుట్టుకుని, గరిటె చేతబట్టుకుని, వాళ్లకు మర్యాదలు చేస్తోంది. పండుగకు కొండల అవతలి లోయ ఊళ్ల నుంచి వచ్చే సంఘంవాళ్లు ఒకరోజు ముందే దిగిపోవడం మామూలే. వీళ్లూ వాళ్లే అనుకుంది.

"కూర్చోండమ్మా, కూర్చోండి. ఎంతసేపైంది బయలుదేరి?"

"అబ్బ, ఎంత సహజంగా ఉందో!" అని టీచరమ్మ పక్కావిడ చెవిలో అంది. తర్వాత పైకి, "ఇంత చిన్న వంటింట్లో ఆ రోజుల్లో ఎలా నెట్టుకొచ్చేవారో పాపం!"

"ఏ రోజుల్లో?" అంది ఎర్మెలిందా.

అందరూ నవ్వారు. ఒకాయన గోడమీది పాత ఫోను ఎత్తి, "ఇంకా పనిచేస్తోందర్రా!" అని కేకేశాడు. ఇంకొకాయన కుర్చీమీద ఆరేసిన అర్నాల్డో పొడుగు చెడ్డీని నాలుగు వైపుల నుంచీ ఫొటో తీశాడు. అప్పుడే గుమ్మంలో భర్త కనబడ్డాడు ఎర్మెలిందాకి.

"వచ్చావా మహానుభావా! పుదీనా తెమ్మంటే పొలం దున్ని పండించుకొచ్చావా? ఈ కిటికీ అతుక్కుపోయి ఆరేళ్లు. ఆ పంపు కారడం మొదలై తొమ్మిదేళ్లు. నేను నీతో వేగీ వేగీ నలభై మూడేళ్లు!"

చప్పట్లు మోగాయి. వెనకనుంచి ఎవరో ఈల వేశారు.

ఎర్మెలిందా తెల్లబోయింది. భర్తను తిట్టినందుకు చప్పట్లు కొట్టే సంఘాన్ని ఆమె ఇంతవరకూ చూడలేదు. లోయవాళ్లు మంచివాళ్లేనే అనుకుంది. ఆ సంతోషంలోనే, "పొయ్యిమీద సోపాస్ ఉంది. తలా కాస్త రుచి చూస్తారా?" అని అడిగింది.

"ఇదీ టికెట్టులో భాగమేనా?" అని టీచరమ్మ అర్నాల్డోను గుసగుసగా అడిగింది. అతను నోరు తెరిచాడు. తల దానంతటదే అవునన్నట్టు ఊగింది.

తలా కాస్తే పెట్టింది. కానీ తిన్నవాళ్లు గిన్నెలు మళ్లీ చాచారు. పండుగ సోపాస్ అడిగినవారికి లేదనడం దీవుల్లోనే లేదు. మూడో విడతకు పెద్ద గిన్నె అడుగు కనబడింది. ఫోను ఎత్తినాయన రొట్టెముక్కతో ఆ అడుగు కూడా తుడిచేస్తుండగా దోనా అదెలినా కర్ర పొడుచుకుంటూ, వెనక కమిటీతో, లోపలికొచ్చింది.

"ఎవరు వీళ్లంతా?"

"పండక్కొచ్చిన లోయవాళ్లేగా!" అంది ఎర్మెలిందా.

"లోయలో ఇలాంటి టోపీలు ఎవరూ పెట్టరు."

టీచరమ్మ లేచి నిలబడింది. "మేం మ్యూజియం చూడ్డానికి వచ్చామండీ."

"మ్యూజియమా?" ఎర్మెలిందా మెల్లగా భర్త వైపు తిరిగింది. ఈసారి తిట్టలేదు. అర్నాల్డోకు అప్పుడు భయమేసింది. "పన్నెండేళ్లు, అర్నాల్డో," అని మాత్రం అంది.

అతను బండి, పుదీనా, కోర్ట్నీ, అన్నీ కక్కేశాడు. యాత్రికులు సిగ్గుతో చచ్చిపోయారు. ఒకరిద్దరు లేచి గిన్నెలు కడగడం మొదలుపెట్టారు. టీచరమ్మ ఎర్మెలిందా చెయ్యి పట్టుకుంది.

"తప్పయిపోయిందమ్మా. మా ఆయన పోయి ఆరేళ్లు. మా ఇంట్లో ఎవరూ గొంతెత్తి అరవగా విని అంతే అయింది. ఇంత బాగా అరుస్తుంటే నాటకమనుకున్నాను."

ఎర్మెలిందా చెయ్యి వెనక్కి తీసుకోలేదు.

అదెలినా కర్ర ఆనించి, వంగి, గిన్నెలోకి చూసింది. తుడిచిన అడుగు అద్దంలా మెరుస్తోంది. "ముప్ఫై ఏళ్లు వండాను," అంది చివరికి. "నా గిన్నె అడుగు నేనే తోముకున్నాను గానీ ఇలా ఒక్కరూ నాకలేదు. రేపు పొద్దున నాలుగింటికి హాలు తెరుస్తాను. ఆలస్యం చెయ్యకు." బయటికి వెళ్తూ, "పుదీనా మాత్రం రాత్రే కడిగి పెట్టుకో. ఇతన్ని పంపకు," అని చెప్పింది.

సోమవారం కోర్ట్నీ పిలిచింది. అర్నాల్డో తాళాలు తనే బల్లమీద పెట్టేశాడు.

"కూర్చోండి," అంది ఆవిడ. "పదకొండు మందీ మెయిళ్లు రాశారు. దీపస్తంభం కనబడలేదని ఒక్కరూ రాయలేదు. వచ్చే శనివారానికి నలభై మంది అడుగుతున్నారు, నాలుగో స్టాపుకీ అయిదో స్టాపుకీ మధ్య ఉన్న ఇల్లు కావాలని. మీ ఆవిడ ఒప్పుకుంటుందా?"

ఎర్మెలిందా మొదట మండిపడింది. "తిట్టమంటే తిట్టడానికి నేనేమన్నా కుళాయినా?" రెండు రోజులు ఆలోచించుకుంది. మూడో రోజు, మైకు తన చేతికిస్తేనే, వంట తనకు తోచినప్పుడే, ఆయన బండి తోలడం తప్ప నోరు విప్పకపోతేనే అని షరతులు పెట్టింది. అన్నిటికీ కోర్ట్నీ ఒప్పుకుంది. అర్నాల్డోను ఎవరూ అడగలేదు.

ఆ శనివారం అందరికన్నా ముందొచ్చి టికెట్లు కొన్నది పక్కింటి మొగుడూ పెళ్లాలు. నలభై ఏళ్లుగా గోడ అవతలినుంచి ఉచితంగా వింటున్నదే అయినా, దగ్గరగా చూడాలని వాళ్లకూ ఉండదా?