కూల్‌డ్రింక్ వద్దన్న అమ్మాయి

ఆ సోమవారం ఉదయం జయరావు వేసుకున్న పథకం చాలా చిన్నది. తొమ్మిదింటికల్లా నలుగురు ఎంబీఏ పిల్లల్ని మిరప మార్కెట్టుకి తోలెయ్యాలి, ఆ తర్వాత తీరిగ్గా క్యాంటీన్లో పెసరట్టు తినాలి. ఆయన ప్లేస్‌మెంట్ ఆఫీసరు. గుంటూరుకి దక్షిణంగా పత్తి చేల మధ్య లేచిన ఆ కాలేజీ, అడ్మిషన్లప్పుడు "వంద శాతం ఉద్యోగాలు" అని ఊళ్ళో గోడలన్నీ పాడుచేసి, ఆ వంద శాతాన్నీ ఈ ఒక్క మనిషి నెత్తిన పడేసి చేతులు దులుపుకుంది. ఆయనేమైనా తక్కువ తిన్నాడా? దులుపుకోవడంలో ఆయనా ఆరితేరినవాడే.

ఈసారి ఆయనకి దొరికిన ఆసామి శివనాగరాజు. కాలేజీ మొదటి బ్యాచ్ విద్యార్థి, ఇప్పుడు మిరపకాయల కమిషన్ వ్యాపారి. జనవరిలో జరిగిన పూర్వ విద్యార్థుల సమ్మేళనంలో మైకు పట్టుకుని, పిల్లల్ని ఎంతమందినైనా పంపండి, నా కొట్లో పెట్టుకుని వ్యాపారమంటే ఏంటో నేర్పిస్తానని గర్జించి, చప్పట్లు కొట్టించుకుని, శాలువా కప్పించుకుని వెళ్ళాడు. ఆ మాట కొట్లో గుమస్తాకైనా చెప్పాడా అంటే, లేదు. మన దగ్గర మైకులో ఇచ్చిన మాట మైకువాడి సామానుతో పాటే వ్యాను ఎక్కి వెళ్ళిపోతుంది.

ఆ మాటని నమ్ముకున్న పిల్ల నస్రత్. చీరాలలో సైకిల్ షాపు నడిపే ఆదాం కూతురు. రెండు నెలలు ఇంటర్న్‌షిప్ చేసినట్టు సర్టిఫికెట్ లేకపోతే యూనివర్సిటీ ఆఖరి పరీక్షకి కూర్చోనివ్వదు. ఏడాది పోతుంది. ఇంకో ఏడాది హాస్టల్లో ఉంచి చదివించడం ఆదాం వల్ల కాదు. అప్పటికే జయరావు పేరు చెప్పుకుని ఆమె తిరిగిన కంపెనీల్లో "ఆయనెవరు?" అని అడిగి పంపించారు. మార్చి నెల వచ్చేసింది. కాబట్టి ఆ ఉదయం ఆమె ఒళ్ళు మండుతూనే కారెక్కింది.

కారెందుకంటే, కాలేజీ బస్సు కరస్పాండెంటుగారి మేనకోడలి పెళ్ళికి పోయింది. పిల్లల ఫీజులతో కొన్న బస్సు పెళ్ళివారిని మోస్తుంటే, జయరావు ఒక తెల్ల అంబాసిడర్‌ని అద్దెకి మాట్లాడాడు. అది మామూలుగా సర్కారు ఆఫీసులకి తిరిగే బండి. ముందు అద్దం మీద "ప్రభుత్వ విధులపై" అన్న కాగితం అంటించి ఉంది. పీకమని ఎవరూ చెప్పలేదు, డ్రైవరు పీకలేదు. బయల్దేరే ముందు జయరావు కార్పొరేట్ పద్ధతులు నూరిపోశాడు. టైలు బిగించాలి. నవ్వకూడదు. కూర్చోమన్నా కూర్చోకూడదు. సరుకెంత, ఎక్కడ పెడతారు, ఏడాది టర్నోవరెంత అని ముందుగానే అడిగెయ్యాలి. ఎవరేమిచ్చినా పుచ్చుకోకూడదు.

కొట్లో గుమస్తా ఆదెయ్య తెల్ల కారు చూశాడు, అద్దం మీద కాగితం చూశాడు, మిరప ఘాటుకి కళ్ళు చింతనిప్పుల్లా అయిన నలుగురు టైల మనుషుల్ని చూశాడు. అందులో అమ్మాయి ముందుకొచ్చి సరుకెంత, గోడౌనెక్కడ అని అడిగింది. సేల్స్ టాక్సు వాళ్ళని ఆయనకి అర్థమైపోయింది. అయినా కంగారుపడలేదు. చూసిన సీజన్లు తక్కువా? చల్లటి కూల్‌డ్రింకులు తెప్పించి ముందు పెట్టాడు.

"వద్దండి. మేమేమీ తీసుకోం," అంది నస్రత్.

ఆదెయ్య గుండె అప్పుడు జారింది. కూల్‌డ్రింక్ తాగే ఆఫీసరుతో ఎలా మాట్లాడాలో ఆయనకి బాగా తెలుసు. తాగని ఆఫీసరుని ఇంతవరకు చూసి ఎరగడు. మంచినీళ్ళు తెస్తానని వెనక్కి వెళ్ళి, పక్క కొట్టుకి కబురు చెప్పాడు. పక్క కొట్టువాడు ఆ పక్కవాడికి చెప్పాడు. కాసేపట్లో ఆ వరసంతా షట్టర్లు టపటపా దిగిపోయాయి, ఆ వెనక వరసా దిగింది. హోటల్లో ఇడ్లీ తింటున్న శివనాగరాజు కబురు విని, చెయ్యి కూడా కడుక్కోకుండా స్కూటరెక్కి వేటపాలెంలో అత్తారింటికి పారిపోయాడు. సెల్‌ఫోను ఆపేశాడు.

వేలం పాట ఆగిపోయింది. పైన చూస్తే మబ్బు పట్టింది. కల్లాల్లో ఎండబెట్టి తెచ్చిన మిరపకాయ మీద చినుకు పడితే ఇంకేముంది, నల్లమచ్చ పడుతుంది, అడిగేవాడుండడు. ప్రత్తిపాడు నుంచి ట్రాక్టరు మీద బస్తాలేసుకొచ్చిన పీరు అనే రైతు, ఈ గొడవకంతా కారణం ఈ టైలేనని తెలుసుకుని నేరుగా నస్రత్ మీదికొచ్చాడు.

"ఏమ్మా, తనిఖీ చేసుకోటానికి ఇవాళే దొరికిందా నీకు? నా కాయ తడిస్తే నీ టై పిండుకుని తాగనా?"

ఆమె చెప్పబోయింది. ఎవడైనా వింటేగా. రైతులు చుట్టూ మూగారు. ఆమె కాయిన్ బాక్సు నుంచి జయరావుకి ఫోన్ చేసి, మీరు వెంటనే రాకపోతే మేం బతికి రామని చెప్పింది. పెసరట్టు సగంలో వదిలేసి జయరావు వచ్చాడు. సఫారీ సూటు, నల్ల కళ్ళద్దాలు, చంకలో ఫైలు. పెద్ద ఆఫీసరు దిగాడని మార్కెట్టు పెద్దలు నిమ్మకాయలు, శాలువా పట్టుకుని ఎదురొచ్చారు. ప్లేస్‌మెంట్ ఆఫీసరుకి శాలువా కప్పినవాడు జిల్లాలో అంతవరకు లేడు. ఆయన పొంగిపోయి అక్కడే ఉపన్యాసం ఎత్తుకున్నాడు.

"నేను కోరేది ఒక్కటే. మావాళ్ళు ఒక్కో కొట్లో ఒక్కొక్కరు రెండు నెలలు కూర్చుంటారు. మీరు కొనేది, అమ్మేది, దాచేది అన్నీ దగ్గరుండి చూస్తారు. ప్రతి సంవత్సరం వస్తారు."

పెద్దల మొహాల్లో నెత్తుటి చుక్క లేదు. ఎక్కడ సంతకం పెట్టమంటే అక్కడ పెడతామన్నారు. జయరావు ఫైలు తీసి, ఇంటర్న్‌షిప్ పూర్తయినట్టు నాలుగు సర్టిఫికెట్ల మీద అప్పటికప్పుడు సంతకాలు, ముద్రలు వేయించేశాడు. అందులో ఏం రాసుందో ఒక్కడూ చదవలేదు. ఇక రెండు నెలలూ కొనుగోళ్ళు బంద్, సరుకు వెనక్కి పట్టుకుపోండి అని మాత్రం రైతులకి చెప్పేశారు.

నస్రత్ చేతిలో సర్టిఫికెట్ ఉంది. పరీక్షకి కూర్చోవచ్చు. నోరు మెదపకుండా కారెక్కితే చాలు. ఆమె పీరు వంక చూసింది. అతను తిట్టడం కూడా మానేసి, తలపాగా విప్పి ఒక బస్తా మీద కప్పుతున్నాడు. ఆమెకి ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. టై లాగి అవతల పారేసింది.

"మేం ఆఫీసర్లం కాదండీ. ఎంబీఏ చదివే పిల్లలం. ఈయన మా సారు. కొట్లు తెరిచి వాళ్ళ కాయ కొనండి ముందు."

షట్టర్లు లేచాయి. భయం పోయిన వ్యాపారికి వచ్చే కోపం మామూలుగా ఉండదు. సర్టిఫికెట్లు లాక్కుని చింపేశారు, శాలువా కూడా వెనక్కి లాక్కున్నారు. పాట మొదలై పీరు కాయ వాన పడకముందే అమ్ముడుపోయింది. కార్లో జయరావు దారి పొడవునా తగులుకున్నాడు, నువ్వు నోరు మూసుకుని ఉంటే నలుగురూ బయటపడేవాళ్ళు కదా అని.

"మీరు నోరు మూసుకుని ఉంటే మేం ఇక్కడికే వచ్చేవాళ్ళం కాదు సర్," అంది నస్రత్.

ఆ సాయంత్రం నాన్నకి చెబుదామని ఎస్టీడీ బూత్ దాకా వెళ్ళి, ఫోన్ చెయ్యకుండానే తిరిగొచ్చింది.

మర్నాడు వేటపాలెం నుంచి తిరిగొచ్చిన శివనాగరాజుని తోటి వ్యాపారులు ఉతికి ఆరేశారు. నువ్వు రమ్మన్న పిల్లల్ని చూసి నువ్వే పారిపోతావా అని నవ్వారు కూడా. ఆ నవ్వు ఆయన తట్టుకోలేకపోయాడు. ఆదెయ్యని పిలిచి, ఈసారి టై కట్టుకుని ఎవరొచ్చినా కూర్చోబెట్టి, మూలమూలా చూపించి, వ్యాపారం మొత్తం నేర్పి పంపాలని గట్టిగా చెప్పాడు.

బుధవారం ఇద్దరు కుర్రాళ్ళు వచ్చారు. టైలున్నాయి. కూర్చోమంటే కూర్చున్నారు, కూల్‌డ్రింక్ ఇస్తే తాగారు. ఆదెయ్యకి ప్రాణం లేచొచ్చింది. శివనాగరాజు స్వయంగా వాళ్ళని వెంటబెట్టుకుని, వెనక గోడ అవతల ఎవరికీ చూపించని గోడౌన్ తెరిచి, బిల్లు లేకుండా సరుకు ఏ దారిన బయటికి పోతుందో, చెక్‌పోస్టు దగ్గర ఏ సమయానికి దాటించాలో విడమరిచి చెప్పాడు. రాసుకోండి రాసుకోండి, ఇవి పుస్తకాల్లో ఉండవు అని హెచ్చరించాడు. వాళ్ళు శ్రద్ధగా రాసుకున్నారు. చివరికి, సర్టిఫికెట్‌లో ఏం పేర్లు రాయమంటారని అడిగాడు. పెద్దతను జేబులోంచి గుర్తింపు కార్డు తీసి ఇచ్చాడు. వాణిజ్య పన్నుల శాఖ. ఏమీ లేకపోతే సోమవారం మార్కెట్టంతా ఎందుకు మూసుకుంటుందని వాళ్ళ పై అధికారికి అనుమానం వచ్చిందట.

ఇంత మర్యాదగా అన్నీ చూపించిన వ్యాపారిని ఆ అధికారులు ఉద్యోగంలో చేరాక చూడలేదు. ఎందుకిలా చేశావయ్యా అని అడిగితే, ఆయన తల పట్టుకుని కాలేజీ సంగతంతా చెప్పాడు. సీలు వేసిన సరుకు లెక్కపెట్టడానికి వాళ్ళకి మనుషులు చాలడం లేదు. నేరుగా కాలేజీకి వెళ్ళి, నిజం చెప్పిన ఆ అమ్మాయి ఎవరని అడిగి, ఆమెనీ మిగతా ముగ్గురినీ రెండు నెలలకి తీసుకున్నారు. నస్రత్ జూన్‌లో పరీక్ష రాసింది.

ఆ వేసవిలో కాలేజీ బ్రోచర్ వచ్చింది. "మా పూర్వ విద్యార్థి శ్రీ శివనాగరాజు గారి సంపూర్ణ సహకారంతో నలుగురికి ప్రభుత్వ శాఖలో ఇంటర్న్‌షిప్" అని జయరావు పెద్ద అక్షరాల్లో వేయించాడు. ఆ కాలేజీ అచ్చు వేసిన మాటల్లో నిజం అదొక్కటే.