లిఫ్టు ఆగినందుకు తగిన ఇంగ్లీషు

ఇంగ్లీషు వాడికి చేతులెత్తి మొక్కాలండీ! తప్పు చేసినవాణ్ని వాక్యంలోంచి మాయం చేసే సౌకర్యం అంతగా ఇంకే భాషలో ఉంది?

మన భాషతో చచ్చే చావు. లిఫ్టు చెడిపోయిందంటే చాలు, ఎవరి వల్లని నిలదీస్తారు. అదే "డ్యూ టు టెక్నికల్ రీజన్స్" అని రాసి అంటించండి, చదివినవాళ్లు తలూపి వెళ్లిపోతారు. ఆ టెక్నికల్ రీజన్ గారు ఏ ఫ్లాటులో ఉంటారని ఎవరైనా అడిగారా?

నేను మా అపార్ట్‌మెంట్ అసోసియేషన్ సెక్రటరీని. మాదొక పద్ధతి: ముందు కమిటీ కారణాన్ని ఆమోదించాలి, తర్వాతే రిపేరు. లిఫ్టు మూలుగుతోందని పై అంతస్తులో ఉండే మా వదిన కొన్నాళ్లుగా పోరుతూనే ఉంది. నేనేమైనా ఊరుకున్నానా? నోటీసు ఎలా రాయాలా అని నిద్ర మానేసి ఆలోచించాను!

నిన్న పొద్దున వదిన ఉద్యోగం ఇంటర్వ్యూకి బయల్దేరింది. పిల్లలు పుట్టాక ఉద్యోగం మానేసిన మనిషి, ఇన్నేళ్లకి మళ్లీ పిలుపొచ్చింది. లిఫ్టు రెండంతస్తుల మధ్య ఆగిపోయింది, లోపల వదిన.

కమిటీ అప్పటికప్పుడు లిఫ్టు ముందే సమావేశమైంది. ప్రెసిడెంటు గారు "ఓయింగ్ టు" అన్నారు, హుందాగా ఉంటుందట. రిటైరైన హెడ్మాస్టరు గారు "ఆన్ అకౌంట్ ఆఫ్" అనగానే ట్రెజరర్ ఉలిక్కిపడ్డాడు. "బికాజ్ ఆఫ్"ని నేనే కొట్టేశాను. దాని పక్కన ఎవరిదో ఒకరి పేరు రాయాలని చెయ్యి దురదపెడుతుంది.

"కారణం తర్వాత రాసుకుందురు గానీ, ముందు మెకానిక్‌కి ఫోన్ చెయ్యవయ్యా" అంది వదిన లోపల్నుంచి.

కాస్త ఓపిక పట్టమన్నాం. పాపం, లిఫ్టు గోడ మీద నంబరు చూసి తనే ఫోన్ చేసుకుంది. మెకానిక్ వచ్చి తలుపు తీసేసరికి ఇంటర్వ్యూ కాస్తా అయిపోయింది. బయటికి రాగానే ఇంటర్వ్యూ వాళ్ల దగ్గర్నుంచి ఫోన్ వచ్చింది. వదిన ఎత్తకుండా నా వైపు చూసింది.

"ఎందుకు రాలేదని అడుగుతారు. ఏం చెప్పమంటావు?"

నాకు నిజంగానే సిగ్గేసింది. "నేను మెకానిక్‌ని పిలవలేదని చెప్పు వదినా" అన్నాను.

ప్రెసిడెంటు గారు మండిపడ్డారు. సెక్రటరీయే అలా నోరు జారితే అసోసియేషన్ పరువేం కాను? నా మాటని "డ్యూ టు అనవాయిడబుల్ సర్కమ్‌స్టాన్సెస్" అని సవరించి మినిట్స్‌లో ఎక్కించారు. ఏకగ్రీవంగా ఆమోదించాం.

మొదటి సంతకం నాదే.