కంటైనరు కొలతలు

ఆ ఉదయం లారీ డ్రైవరు రెండు పనులు పెట్టుకున్నాడు. ఒకటి, దారి చూపే పెట్టె కొనడం. రెండు, ఇక నువ్వు బండికి రానక్కర్లేదని బావమరిదికి నెమ్మదిగా చెప్పడం. మొదటిది కష్టమనీ రెండోది సులువనీ అనుకున్నాడు.

ఏళ్ళ తరబడి బావమరిది ఆయన లారీలో పక్క సీట్లో కూర్చుని దారి చెబుతున్నాడు. స్టీరింగు ఈయనది, దారి అతనిది. అతను చెప్పిన దారి ఎన్నడూ తప్పలేదు. వచ్చిన చిక్కల్లా అతను దారి ఒక్కటే చెప్పి ఊరుకోకపోవడమే. మలుపు వస్తే ఆ మలుపులో కాపురముండే దర్జీకి కుదిరిన సంబంధం ఎలా చెడిపోయిందో చెబుతాడు. వంతెన వస్తే దాన్ని కట్టిన మేస్త్రీ మోకాళ్ళ నొప్పుల గురించి చెబుతాడు. యార్డులో అందరూ అతన్ని రేడియో అని పిలుస్తారు. "రేడియోకైనా మీట ఉంటుంది" అని డ్రైవరు భార్య దగ్గర వాపోతుంటాడు. ఆమెకు అతను సొంత తమ్ముడు.

"వాడి నోరు నాకు తెలియనిదా? చిన్నప్పుడు నిద్రలో కూడా మాట్లాడేవాడు" అంది ఆమె టీ గ్లాసు ముందు పెడుతూ. "వద్దనుకుంటే వద్దను. కాకపోతే చెప్పి కొను. కొని చెప్పకు."

"టీ తాగుతూ చెప్పేస్తాలే. ఆమాత్రం మాట చెప్పలేనా?"

"చూస్తాగా."

అంతలో బావమరిది రానే వచ్చాడు. చంకలో ఒక దిండు ఉంది. "నిన్న నడుం పట్టేసిందన్నావుగా బావా. సీటుకి ఆనించుకోడానికి కుట్టించా. లోపల దూది గట్టిగా కూరమన్నాను, మెత్తగా ఉంటే నడుం దిగబడిపోతుంది. మా పక్కింటాయనకి అలాగే దిగబడి..."

డ్రైవరు నోరు తెరిచాడు. తెరిచిన నోట్లోంచి రావలసిన మాట రాలేదు.

"ఇవాళ లోడు లేదు. బజారు దాకా వెళ్ళాలి. జీపీఎస్ కొనాలి."

"ఎవరికి?"

భార్య వంటింటి గుమ్మంలో నిలబడి చూస్తోంది. దిండు ఆయన ఒళ్ళోకి వచ్చేసింది.

"ఓనరుకి. ఆ కంటైనరు బండికి పెట్టిస్తాడట" అన్నాడు డ్రైవరు.

భార్య ఖాళీ గ్లాసులు తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది. గ్లాసులు అవసరమైనదానికన్నా గట్టిగానే చప్పుడు చేశాయి.

ఓనరుకి ఉన్నవి రెండే బళ్ళు. ఈయన నడిపే మామూలు లారీ ఒకటి, మేడలాంటి కంటైనరు బండి ఒకటి. కంటైనరు డ్రైవరు పక్కన మనిషి లేకుండా ఒక్కడే తిరుగుతాడు. అందుకే అబద్ధం అతికినట్టు సరిపోయింది. బావమరిదికి కంటైనరు డ్రైవరంటే ముందునుంచీ జాలి కూడా.

"మంచి పని చేస్తున్నాడు ఓనరు. పద, నేనూ వస్తా. నీకు దారుల సంగతి తెలియదుగా, ఏదంటే అది అంటగడతారు."

కొట్లో సామాను అమ్మే అమ్మాయి మూడు పెట్టెలు బల్లమీద పరిచింది. డ్రైవరు మొదటిదే బాగుందన్నాడు. త్వరగా తేలిపోవాలని ఆయన ఆత్రం.

"ఆగు బావా. పెళ్ళిచూపులకొచ్చి గుమ్మంలో కనబడ్డ మొదటి పిల్లని ఖాయం చేస్తావా?" అని బావమరిది కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "ఏమ్మా, ఐసు ఫ్యాక్టరీకి ఎలా వెళ్ళాలో దీన్ని అడుగు."

మొదటి పెట్టె కూరగాయల సందులోంచి దారి చూపించింది.

"ఆ సందులో తోపుడు బండే పక్కకి తిరిగి వెళ్తుంది" అన్నాడతను.

"ఇది కార్లకి చేసిందండీ. ఫోన్లో ఉండేవీ అంతే. లారీకైతే ఈ రెండే పనికొస్తాయి. బండి ఎత్తు, పొడుగు, బరువు చెబితే తక్కువ ఎత్తు వంతెనలూ ఇరుకు సందులూ తప్పించి తీసుకెళ్తాయి" అంది అమ్మాయి.

రెండోదాన్ని అతను వీధిలోకి తీసుకెళ్ళి ఎండలో పట్టుకుని చూశాడు. తెరమీద తన మొహం తప్ప ఇంకేమీ కనిపించలేదు. లోపలికి తెచ్చి, దానికి తెలియకూడదన్నట్టు మెల్లగా బల్లమీద పెట్టేశాడు. మూడోది ఎండలో కూడా కనిపించింది. గొంతు పెంచమని, ఇంకా పెంచమని, పక్క కొట్టువాడు తొంగిచూసేదాకా పెంచమన్నాడు.

"మరీ అంత ఎందుకురా?" అన్నాడు డ్రైవరు.

"నీకేం బావా, నీ పక్కన నేనుంటా. వాడి సంగతి ఆలోచించు. పొద్దుణ్ణుంచి పొద్దుగూకేదాకా పక్కన మనిషి లేకుండా తిరిగేవాడి బతుకు ఏం బతుకు? కనీసం గొంతైనా గట్టిగా వినపడాలి."

డ్రైవరు పక్కకి తిరిగి, కొట్లో ఉన్న మరేవో తీగల చుట్టల వంక శ్రద్ధగా చూశాడు.

"బండి కొలతలు చెప్పండి" అంది అమ్మాయి.

బావమరిది కంటైనరు డ్రైవరుకి ఫోను చేసి ఎత్తు, వెడల్పు, పొడుగు, బరువు అన్నీ అడిగి, రెండుసార్లు చెప్పించుకుని, పెట్టెలో ఎక్కించాడు. డ్రైవరు చూస్తూనే ఉన్నాడు. అవి తన లారీ కొలతలు కావు. ఆ మాట అంటే మిగతా మాటా అనాలి. కక్కలేక మింగలేక నిలబడి, ఇంటికెళ్ళి మార్చుకోవచ్చులే అనుకున్నాడు.

"వీటిని ఎవరూ కెలక్కుండా తాళం లాంటిదేమైనా ఉందామ్మా? ఆ కంటైనరువాడి వేళ్ళు ఊరుకోవు" అన్నాడు బావమరిది.

ఉందట. నంబరు పెట్టుకుంటే చాలట. అతను అమ్మాయి చేతిలోంచి పెట్టె తీసుకుని, అటు తిరిగి నంబరు నొక్కేశాడు.

ఆ సాయంత్రం డ్రైవరు ఇంకో అబద్ధం ఆడాల్సి వచ్చింది. రేపు బండి వర్క్‌షాపుకి వెళ్తోంది, నువ్వు రానక్కర్లేదు అన్నాడు. మొదటి అబద్ధానికి తోడు కావాలి కదా. బావమరిది సరేనన్నాడు. భార్య మాత్రం, "నేను చెప్పమన్నది ఒక్క మాట. నువ్వు అప్పుడే రెండు చెప్పావు. ఆ ఒక్కటీ తప్ప" అంది.

మర్నాడు పొద్దున్నే ఆయన ఐసు దిమ్మలు ఎక్కించుకుని, పైన రంపపు పొట్టు పోయించి, టార్పాలిన్ బిగించి, అవతలి ఊరి చేపల మార్కెట్టుకి బయల్దేరాడు. ఎండ ముదరకముందే చేరాలి. దిండు నడుముకి ఆనించుకున్నాడు. పక్క సీట్లో ఎవరూ లేరు. మొదట్లో ఆ నిశ్శబ్దం చల్లటి మంచినీళ్ళలా గొంతులోకి దిగింది.

రైలు కట్ట కింది వంతెన దగ్గరికి వచ్చేసరికి పెట్టె అరిచింది. "మీ వాహనం ఎత్తు ఎక్కువ. వెనుకకు తిరగండి." తిరిగాడు. పాత వంతెన దగ్గర బరువెక్కువంది. మళ్ళీ తిరిగాడు. ఊరి మధ్య రోడ్డు దగ్గర పొడుగెక్కువంది. పెట్టె దృష్టిలో ఆయన మేడను వెంటబెట్టుకుని తిరుగుతున్నాడు. కొలతలు మార్చబోతే నంబరు అడిగింది. గొంతు తగ్గించబోతే నంబరు అడిగింది. చివరికి ఆపబోయినా నంబరే అడిగింది.

ఎండెక్కింది. లారీ వెనక రోడ్డు పొడవునా తడి చార పడుతోంది. ఒక పంక్చరు షాపాయన చెయ్యి ఊపి ఆపాడు.

"అన్నా, బండి కారిపోతోంది."

"ఐసు. చేపల మార్కెట్టుకి ఎటు?"

"ఇదిగో ఈ వంతెన కిందనుంచే. నీ బండికేం, హాయిగా పడుతుంది. దీనిమీద ఇంకో మనిషి నిలబడినా పడుతుంది."

ధైర్యం చేసి డ్రైవరు వంతెన కిందికి పోనిచ్చాడు. సగం దూరం బాగానే వెళ్ళాడు. అప్పుడు పెట్టె, బావమరిది ఎంచి పెంచిన గొంతుతో, "ప్రమాదం. వెంటనే ఆపండి" అని కేక పెట్టింది. పక్క సీటు వైపునుంచి ఆపమన్న మాట వస్తే ఆపేయడం ఆయన కాలికి ఏళ్ళనాటి అలవాటు. మనసుతో పనిలేకుండా కాలు బ్రేకు తొక్కేసింది. ఇంజను ఆగిపోయింది. వెనకనుంచి హారన్లు మొదలయ్యాయి. మళ్ళీ స్టార్టు చేద్దామంటే, కదిలితే పైన తగులుతుందేమోనని చెయ్యి ఆడలేదు. పెట్టెని పీకి సీటు కింద పెట్టాడు. సీటు కిందనుంచి కూడా అది ఆపండి ఆపండి అంటూనే ఉంది.

ట్రాఫిక్ కానిస్టేబులు వచ్చి తలుపు తట్టాడు. "ఏమైంది?"

"పట్టదంటోంది సార్."

కానిస్టేబులు పైకి చూశాడు. లారీకీ వంతెనకీ మధ్య పావురాలు కూర్చుని ఉన్నాయి. "పట్టిందిగదయ్యా, లోపలే ఉన్నావు. ఎవరు పట్టదన్నది?"

డ్రైవరు సీటు కిందికి చూపించాడు. కానిస్టేబులు వంగి విన్నాడు. "ముందు దాని నోరు ముయ్యి, తర్వాత మాట్లాడుకుందాం."

"నంబరు కావాలి సార్."

"ఎవరి దగ్గరుంది?"

ఆ ప్రశ్నకి జవాబు చెప్పడంకన్నా వంతెన కూలిపోతే బాగుండుననిపించింది డ్రైవరుకి. కూలలేదు. ఫోను తీశాడు.

"చెప్పు బావా" అన్నాడు బావమరిది. వెనకాల ఏదో పెద్ద ఇంజను చప్పుడు.

"ఒరేయ్, మార్కెట్టుకెళ్ళే వంతెన కింద ఆగిపోయా. ఆ పెట్టెకి పెట్టిన నంబరెంతరా?"



"మన బండి నంబరే బావా. నాకు గుర్తుండేది అదొక్కటే."

"నువ్వెక్కడున్నావ్?"

"కంటైనర్లో. బండి వర్క్‌షాపులో ఉందన్నావుగా, ఊరికే కూర్చోలేక పొద్దున్నే ఓనరు దగ్గరికెళ్ళా. పెట్టె బిగించారా, ఎలా ఉందీ అని అడిగా. ఏ పెట్టె అన్నాడు." అతను ఆగాడు. డ్రైవరు ఏమైనా అంటాడేమోనని కాబోలు, ఇంకాస్త ఆగాడు. "బండి ఐసు లోడుకెళ్ళిందని కూడా ఆయనే చెప్పాడు. నన్నివాళ్టికి దీన్లో వెళ్ళమన్నాడు. సరే బావా. వంతెన దాటాక రెండో సందు, ఎడం పక్కకి. మార్కెట్టు అక్కడే."

ఆ సందులో ఎవరుంటారో, వాళ్ళకేమైందో చెప్పలేదు. ఫోను పెట్టేశాడు.

మార్కెట్టులో టార్పాలిన్ విప్పేసరికి దిమ్మలు సబ్బుబిళ్ళల్లా అరిగి పొట్టులో తేలుతున్నాయి. చేపల వ్యాపారి నడుం మీద చేతులు పెట్టుకుని లోపలికి చూసింది. "ఐసు తెమ్మంటే చన్నీళ్ళు తెచ్చావేంటన్నా? చచ్చిన చేపలకి స్నానాలు చేయించనా?" అంది. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. ఇలాంటప్పుడు తగిన జవాబు చెప్పేది పక్క సీటులో మనిషే. డ్రైవరు తల దించుకుని పొట్టు ఊడ్చాడు.

ఇంటికి వచ్చేసరికి భార్య గుమ్మంలో కూర్చుని ఉంది.

"తమ్ముడొచ్చి వెళ్ళాడు."

"ఏమన్నాడు?"

"ఏమీ అన్లేదు. కూర్చున్నాడు, నీళ్ళు తాగాడు, వెళ్ళాడు." ఆమె కొంగుతో మొహం తుడుచుకుంది. "తిట్టినా బాగుండేది. వాడు మాట్లాడకుండా కూర్చోడం నేనెప్పుడూ చూళ్ళేదు."

మర్నాడు డ్రైవరు అందరికంటే ముందు చేరాలని యార్డుకి వెళ్ళాడు. కంటైనరు పక్క సీట్లో బావమరిది అప్పటికే కూర్చున్నాడు. ఏదో చెబుతున్నాడు. కంటైనరు డ్రైవరు స్టీరింగు మీద వాలిపోయి నవ్వుతున్నాడు.

"దిగరా. బండికి పోదాం" అన్నాడు డ్రైవరు.

"బండికి పెట్టె ఉందిగా బావా."

"ఆ పెట్టె వీడికిచ్చేద్దాం. దాంట్లో ఉన్నవి వీడి కొలతలే. నువ్వొచ్చెయ్."

"నాకెందుకన్నా పెట్టె?" అన్నాడు కంటైనరు డ్రైవరు కళ్ళు తుడుచుకుంటూ. "నాకు ఈయన చాలు. నిన్న వంద కిలోమీటర్లు ఎలా గడిచాయో తెలియలేదు."

"వాడు ఊరికే వాగుతాడు. నీకు తెలీదు. తల తినేస్తాడు."

"అందుకేగా ఉండమంటున్నా."

 డ్రైవరు చెప్పవలసిన మాట ఒకటి ఉంది. మొన్న టీ తాగుతూ రాని మాట వేరు, ఇది వేరు. ఇది అంతకంటే చిన్నది. అదీ రాలేదు. బావమరిది దిగి వచ్చి, లారీలోకి ఎక్కి, పెట్టె తీసుకుని తాళం తీసి, పాత కొలతలు కొట్టేసి తమ లారీవి ఎక్కించాడు. గొంతు కూడా కాస్త తగ్గించాడు. దిండు పక్కకి జారి ఉంటే సరిచేశాడు. దిగబోతూ మెట్టు మీద ఆగాడు.

"నీకని చెప్పుంటే ఇంకాస్త మంచిది చూసేవాణ్ణి బావా."

కంటైనరు ముందు కదిలింది. అందులోంచి మాటలు గేటు దాటేదాకా వినిపించాయి.

ఇప్పుడు పెట్టె ఎక్కడా తప్పు చెప్పడం లేదు. వంతెనల కిందనుంచి సరిగ్గా తీసుకెళ్తోంది. లోడు అనుకున్న వేళకి చేరుతోంది. కాకపోతే రోడ్డు తిన్నగా ఉన్నంతసేపూ అది నోరు మెదపదు. మలుపు తప్పినప్పుడే, అటు కాదు ఇటు అని నాలుగు మాటలు మాట్లాడుతుంది. డ్రైవరు ఈమధ్య తరచు మలుపులు తప్పుతున్నాడు. డీజిలు ఇంత ఎందుకవుతోందని ఓనరు అడిగితే, ఇంజను పాతబడిందన్నాడు.