అచ్చు చేతికింద అత్తగారి మూత

గాజు సీసాల కంపెనీ మేనేజరుగారూ, సమాధానం చెప్పండి! మీ మేస్త్రి సొంత ఇంట్లో గుమ్మం దాటలేక వరండాలో కూర్చుని తింటున్నాడంటే, కారకులు మీరు కాదా? కాదంటారు. అందుకే జరిగింది జరిగినట్టు అందరూ వినాలి.

ఆ ఉదయం మేస్త్రి పెట్టుకున్న ఆశ చాలా చిన్నది. డ్యూటీ చెయ్యాలి, అన్నం తినాలి, క్యారియరు కడిగి క్షేమంగా ఇంటికి చేర్చాలి. తనది సొట్టపడితే అత్తగారిది బతిమాలి తెచ్చుకున్నాడు మరి. ఆవిడ గుమ్మంలోనే చెప్పింది: "అల్లుడూ, ఈ మూత ఎంత బిగువో చూశావా? చుక్క కారదు. మూత లేకుండా వచ్చావంటే లోపల కంచం పెట్టను."

సీసా అచ్చు రెండు చెక్కలుగా ఉంటుంది. రెండు ఇనుప చేతులు ఆ చెక్కలను దగ్గరకు తెచ్చి మూస్తాయి, లోపల ఎర్రటి గాజుముద్ద సీసా కాగానే తెరుస్తాయి. ఆ చేతులు తిరిగేది ఒక లావుపాటి పిన్ను మీద. అది అరిగిపోయి ఎడమ చెయ్యి వాలిపోయింది. కొత్తది కావాలని అడిగి అడిగి మేస్త్రి గొంతు కూడా అరిగింది.

"సార్, ఇవాళ అచ్చు సరిగ్గా మూసుకోవట్లేదు. పిన్ను..."

"ఎప్పుడూ పిన్నేనా? సర్దుకోవడం నేర్చుకోవయ్యా!" అంటూ మేనేజరు మిషను ఆపించి, బల్లమీద కనిపించిన గుండ్రటి స్టీలు రేకును వాలిన చేతికింద సుత్తితో దిగగొట్టాడు. "చూశావా? ఇంజనీరింగంటే ఇదీ!"

"సార్, అది మా అత్తగారి క్యారియరు మూత!"

"అయితే ఏం? ఆవిడ కంపెనీకి సాయపడ్డారు. సంతోషించు."

వాలిన ఇనుప చెయ్యి లేచింది. లేవాల్సిన దానికంటే ఎక్కువే లేచింది. చెక్కలు సమంగా ఆనుకోకపోవడంతో ప్రతి సీసాకూ పక్కన నున్నటి గట్టు మొలిచింది. వాటిని పగలగొట్టించబోతుండగా తలనూనె వ్యాపారి వచ్చాడు. ఒకటి చేతిలోకి తీసుకున్నాడు. ఇక వదల్లేదు.

"నూనె చేతుల్లోంచి సీసా జారిపోతోందని కొన్నవాళ్లంతా తిడుతున్నారండీ. ఈ గట్టు ఎవరి ఆలోచన?"

మేనేజరు గొంతు సవరించుకున్నాడు. "మా పరిశోధనండీ."

వ్యాపారి ఏడాదికి సరిపడా గట్టు సీసాలకు ఆర్డరిచ్చి వెళ్లాడు. అంతే, మూతకు రాజమర్యాదలు మొదలయ్యాయి. ఎవరూ ముట్టుకోకుండా మిషను పక్కన వాచ్‌మన్‌ను నిలబెట్టారు. సరిగ్గా ఆ సాయంత్రమే, ఇన్నాళ్లూ రాని కొత్త పిన్ను లారీ దిగింది.

"ఇదిప్పుడు నాకెందుకు? మూతకు బదులు నువ్వే పట్టుకెళ్లు," అన్నాడు మేనేజరు.

ఇంట్లో అత్తగారు పిన్నును అటూ ఇటూ తిప్పి చూసింది.

"మూత ఏదీ?"

"మిషన్లో ఉందండీ."

"మరి ఇదేంటి?"

"మిషన్లో ఉండాల్సిందండీ."

ఆవిడ దానితో చిన్న రోట్లో అల్లం దంచి చూసింది. పిన్ను నచ్చింది. అల్లుడు నచ్చలేదు. కంచం వరండాలోకి వచ్చింది.

ఇనుప చేతి దెబ్బలకు పల్చటి మూత ఎన్నాళ్లు ఆగుతుంది? నిన్న రెండు ముక్కలైంది. చెయ్యి ధబ్బున వాలి మిషను నిలిచిపోయింది. గేటు దగ్గర వ్యాపారి లారీ హారన్ మోగుతూనే ఉంది. మేనేజరే స్వయంగా మేస్త్రి ఇంటికి పరిగెత్తాడు.

"అమ్మగారూ, గట్టు సంగతి తర్వాత, ముందు మిషను తిరిగితే చాలు. ఆ పిన్ను ఇప్పిస్తే..."

"మూత తెచ్చావా నాయనా?"

మేనేజరు జేబులోంచి రెండు ముక్కలూ తీశాడు.

"సర్దుకో నాయనా," అంటూ ఆవిడ తలుపు వేసేసింది. వరండాలో అన్నం తింటున్న మేస్త్రి కాస్త జరిగి చోటిచ్చాడు.

పిన్ను లేకుండా ఫ్యాక్టరీకి వెళ్లే ముఖం లేక మేనేజరు ఇంకా అక్కడే కూర్చున్నాడు. కాబట్టి కంపెనీ వాళ్లు ఇప్పటికిప్పుడు మిషనుకు కొత్త పిన్ను, అత్తగారికి చుక్క కారని మూత కొని తీరాలి. ముందు మూత. వరండాలో ఇద్దరికి చోటు చాలడం లేదు.